సీలు తీయని డబ్బాలు

మా బావను ఈ చుట్టుపక్కల అందరూ వేళ్ల డాక్టరనేవారు. ఇంజన్‌లోంచి డిప్‌స్టిక్ లాగి, దాని చివర అంటుకున్న ఆయిల్ చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండుసార్లు రాసి చూసి, ఇంకో మూడు నెలలు ఢోకా లేదనో, ఇవాళే మార్చాలనో తేల్చి చెప్పేసేవాడు. వచ్చినవాళ్లు నోరెళ్లబెట్టి చూసేవాళ్లు. లారీ షెడ్డులో పని నేర్చుకున్న రోజుల్లో అబ్బిన విద్య అది. మా అక్క వండిన కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా వేళ్లతో రాసే చెబుతాడని ఇంట్లో అందరం ఏడిపించేవాళ్లం. ఆయన నవ్వి ఊరుకునేవాడు. లోపల మాత్రం ఆ పేరంటే మహా గర్వం.

నేను ఆయన మరదల్ని. షెడ్డు ముందు భాగంలో మిషను వేసుకుని కార్ల సీట్లకు కవర్లు కుడతాను. పద్నాలుగేళ్లయింది. నా మిషను చప్పుడుకీ, వెనక బావ సుత్తి చప్పుడుకీ మధ్య మాట వినపడాలంటే అరవక తప్పదు. అరిచీ అరిచీ నా గొంతు ఆ కొలతకే కుదురుకుపోయింది. బావ నన్ను మైకు అని పిలుస్తాడు. రోడ్డవతల టీ కొట్టుకు ఫోను చేయాల్సిన పని లేకుండా ఆయన ఆ మైకునే వాడుకునేవాడు. ఈ గొంతు సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదాంట్లో బావ తప్పు ఎంత ఉందో నా గొంతు తప్పూ అంతే ఉంది.

బావకు ఒకే ఒక్క జబ్బు. కాదు, కుదరదు అన్న మాట ఆయన నోట రాదు. మూడు బండ్లు చేయగలిగిన రోజున ఏడు బండ్లకు సరేనంటాడు. అందరికీ సాయంత్రానికి అయిపోతుందనే చెబుతాడు. ఇంకో అలవాటు కూడా ఉండేది. బండి షెడ్డులోకి రాగానే ముందు స్టిక్కరు రాసి అతికించేసేవాడు. ఆయిల్ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, మళ్లీ ఎప్పుడు మార్చాలో ఉండే చిన్న కాగితం అది. డ్రైవరు తలుపు తీస్తే లోపలి అంచున కనిపిస్తుంది. చేతులకు జిడ్డు అంటకముందే రాస్తే అక్షరాలు శుభ్రంగా వస్తాయని ఆయన లెక్క. పని తర్వాత, కాగితం ముందు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నాకెప్పుడూ తప్పనిపించలేదు.

ఇక మాస్టారు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. మా షెడ్డుకు రెండు వీధుల అవతల ఉంటారు. ఆయన కారు మార్కెట్టుకీ, బ్యాంకుకీ, ఆసుపత్రికీ తప్ప ఎక్కడికీ వెళ్లేది కాదు. ఏడాదికి ఒకసారి, అదీ ఒకే వారంలో, కారు తీసుకుని వచ్చేవారు. వస్తూ వస్తూ తనకు నమ్మకమైన షాపులో ఆయిల్ డబ్బా తనే కొని తెచ్చేవారు. దాని మీద నీలం పెన్నుతో కొన్న తేదీ వేసేవారు. ఆయన ఇంట్లో బల్బుల మీద కూడా తేదీలుంటాయట. బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకుని, బావకు కూలీ ఇచ్చి, స్టిక్కరును వేలితో ఒకసారి తడిమి చూసుకుని వెళ్లిపోయేవారు. పాత స్టిక్కర్లను పీకనిచ్చేవారు కాదు. ఒకదాని కింద ఒకటి తొమ్మిది కాగితాలు ఆ తలుపు అంచున వరసగా ఉండేవి.

పోయిన ఏడాది ఆయన చూపు తగ్గింది. డాక్టరు స్టీరింగు పట్టుకోవద్దన్నాడు. కారు అమ్ముతానని మా దగ్గరకే వచ్చి చెప్పారు. సరిగ్గా అప్పుడే ఒక అమ్మాయి సెకండ్ హ్యాండ్ కారు కోసం తిరుగుతోంది. ఇల్లిల్లూ తిరిగి రక్తం నమూనాలు తీసుకుని ల్యాబుకు చేరవేసే ఉద్యోగం. తెల్లారి మొదలుపెడితే మధ్యాహ్నందాకా బండి దిగదు. ఆ తొమ్మిది స్టిక్కర్లు చూసి ముచ్చటపడి ఫోటో తీసుకుంది. ఎలాంటి బండన్నా అని బావనడిగింది. బావ జవాబు చెప్పేలోపే నేను అందుకుని, కళ్లు మూసుకుని కొనుక్కో, ఇంతకంటే జాగ్రత్తగా చూసుకున్న బండి ఈ ఊళ్లో దొరకదన్నాను. బావ అవునన్నట్టు తలూపాడు. ఎందుకో ఆ రోజు డిప్‌స్టిక్ తీయలేదు. నేను గమనించాను కానీ పట్టించుకోలేదు.

నెలన్నర తిరక్కుండానే ఆ కారు ఇంకో బండి వెనకాల తాడు కట్టించుకుని వచ్చింది. ముందు ఆయిల్ లైటు మినుకుమినుకుమందట, తర్వాత టకటకమని శబ్దం, ఆ తర్వాత ఇంజన్ ఆగిపోయింది. నడిరోడ్డు మీద, నమూనాల పెట్టె చేతుల్లో పట్టుకుని నిలబడిందట పాపం. నలభై మంది రక్తం ఆ రోజు పనికిరాకుండా పోయింది. ల్యాబువాళ్లు నోటీసిచ్చారు.

బావ ఇంజన్ పైన ఉండే హెడ్ కవర్ విప్పాడు. నేనూ, ల్యాబ్ అమ్మాయీ పక్కనే నిలబడ్డాం. లోపల ఇనుము కనిపించలేదు. అంతా మడ్డి. మాడిపోయిన గిన్నె అడుగులా నల్లగా, దళసరిగా పేరుకుపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో గీస్తే పెచ్చులుగా లేచింది. కింద ఆయిల్ చాంబరు దించితే, ఆయిల్ పీల్చుకునే జల్లెడ మొత్తం ఆ మడ్డితో మూసుకుపోయి ఉంది. ఇంజన్‌కు ఆయిల్ అందక ఊపిరాడలేదన్నమాట. బావ ఆ మడ్డిని వేళ్లతో రాసి చూడలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

"ఆయిల్ మార్చకపోతేనే కదన్నా ఇలా అయ్యేది? మరి స్టిక్కర్లున్నాయి. మార్చింది మీరే కదా?" అని ఆ అమ్మాయి అడిగింది.

బావ చేతిలో గుడ్డను బానెట్ మీద పడేశాడు. తర్వాత, "ఆయిల్ ఆయనే తెచ్చుకునేవారమ్మా" అన్నాడు.

అంతే. ఆ ముక్కలో అబద్ధం లేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే లేదనే చెప్పాలి. కానీ ఆ ముక్కను పట్టుకుని నేను అల్లాల్సినదంతా అల్లేశాను. చవక రకం తెచ్చి ఉంటాడు, నకిలీది తెచ్చి ఉంటాడు, డబ్బా మీద తేదీలేసుకునే పిసినారి మనిషి మంచి ఆయిల్ ఎందుకు కొంటాడు అన్నాను. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పద, అడుగుదాం అని నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. బావ వద్దనలేదు. రమ్మంటే రాలేదు.

మాస్టారి ఇల్లు సందులో నాలుగోది. ఇనుప గేటు, చిన్న వరండా, రెండు పేము కుర్చీలు. ఒక కుర్చీలో మాస్టారు, రెండోదాంట్లో ఆయన భార్య. ఆవిడ పేపర్లో పదాల గడి నింపుతోంది. మమ్మల్ని చూసి నవ్వి, లోపలికి రండమ్మా, కాఫీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్లింది. నేను లోపలికి వెళ్లలేదు. గేటు దగ్గరే నిలబడి మొదలుపెట్టాను. ఏం మాట్లాడానో ఇప్పుడు రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషివి, కూతురు వయసు పిల్లకు కుళ్లిపోయిన ఇంజన్ అంటగట్టడానికి మనసెలా వచ్చిందన్నాను. నువ్వు అనే అన్నాను. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ ఆరేయడం ఆపేసింది. సందు చివర పాలబ్బాయి సైకిల్ దిగి నిలబడ్డాడు. నన్ను ఆపాలని ల్యాబ్ అమ్మాయే రెండుసార్లు నా మోచెయ్యి లాగింది.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. లోపలికి వెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని పేజీలు తిప్పారు. అన్నీ రాసుకున్నానమ్మా, ఏ ఏడాదీ తప్పలేదు, మంచి షాపులోనే కొన్నాను అన్నారు. రాసుకోవడానికేముంది, ఎవరైనా రాస్తారన్నాను నేను. ఆయన పుస్తకం మూసేశారు. వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని ఆవిడ నిలబడి ఉంది. కప్పులు మూడే ఉన్నాయి. నాకూ, ఆ అమ్మాయికీ, మాస్టారికీ. నేను చేతులు దులుపుకుని వచ్చేశాను.

షెడ్డుకు వచ్చి, దులిపేసి వచ్చాను బావా అని గొప్పగా చెప్పాను. ఆయన కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్లే కనిపించాయి.

ఆ తర్వాత నాలుగు రోజులు బావ ఆ ఒక్క కారు మీదే ఉన్నాడు. మిగతా బండ్లను, జీవితంలో మొదటిసారి, కుదరదని పంపేశాడు. ఇంజన్ మొత్తం విప్పి, ఒక్కో భాగాన్ని కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షులతో తోమాడు. ఆయిల్ పారే సన్నటి దారుల్లోకి తీగ దూర్చి మడ్డి లాగాడు. గోళ్ల సందుల్లో నలుపు పట్టేసింది. అక్క క్యారేజీ పంపితే సగం తిని మూసేసేవాడు. అన్నం తిన్నాక నా ఫోముల గుట్ట మీద పది నిమిషాలు కునుకు తీయడం ఆయనకు పద్నాలుగేళ్ల అలవాటు. అదీ మానేశాడు. పాపం, కష్టపడుతున్నాడనుకున్నాను.

మూడో రోజు నా మిషను పట్టేసింది. కాస్త నూనె వేద్దామని బావ అలమారలో వెతికాను. పై అరలో, పాత బెల్టుల వెనకాల, మూడు ఆయిల్ డబ్బాలు కనిపించాయి. దుమ్ము పట్టి ఉన్నాయి. మూడింటి మూతల సీళ్లూ అలాగే ఉన్నాయి. తుడిచి చూస్తే నీలం పెన్నుతో మూడు తేదీలు. మూడు వేర్వేరు సంవత్సరాలు. ఏడు అంకె మధ్యలో అడ్డగీత కొట్టే అలవాటు మా ఊళ్లో మాస్టారికి తప్ప ఎవరికీ లేదు.

ఒక డబ్బా పట్టుకుని బావ దగ్గరకు వెళ్లాను. ఆయన దాని వంక చూసి, బ్రష్షు కింద పెట్టాడు.

"ఆ రోజు ఐదు బండ్లున్నాయి. ముందే స్టిక్కరు అతికించేశాను. వేళ్లతో రాసి చూస్తే బాగానే ఉందనిపించింది. తిరగని బండి కదా, షెడ్డులో ఉన్న ఆయిల్ కొంచెం కలిపితే చాల్లే అనుకున్నాను. వచ్చే వారం పిలిచి మారుద్దామనుకున్నాను. పిలవలేదు. మరుసటి ఏడు, ముందటి డబ్బా అలాగే ఉందని ఆయనకు ఎలా చెప్పను? మళ్లీ స్టిక్కరు అతికించాను."

తిరగని బండే ఎక్కువ పాడవుతుందని తర్వాత ఆయనే చెప్పాడు. నాలుగు అడుగులు వెళ్లి ఆగిపోయే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. లోపలి తేమ ఆరదు. అది ఆయిల్‌లో కలిసి మడ్డవుతుంది. పైపైన కొత్త ఆయిల్ కలుపుతుంటే డిప్‌స్టిక్ మీద చుక్క శుభ్రంగానే కనిపిస్తుంది. మాస్టారి కారు మూడేళ్లు ఆ వేళ్లను మోసం చేసింది. నిజానికి ఆ వేళ్లే మోసపోవడానికి సిద్ధంగా ఉన్నాయి.

మరి చెప్పాలి కదా బావా అన్నాను. చెబితే ఈ షెడ్డుకు ఇంకెవరొస్తారని అడిగాడు. ఆయన కళ్లు నా వంక లేవు. నేను ఏమనాలి? మాస్టారి గేటు దగ్గర ఒంటికాలి మీద లేచినదాన్ని, ఇక్కడ ఎంత అరవాలి? నేను అరవలేదు. అక్క ఇల్లు గుర్తొచ్చింది. నా మిషను గుర్తొచ్చింది. షెడ్డుకు బండ్లు రాకపోతే నా కవర్లు ఎవరు కుట్టించుకుంటారు అనుకున్నాను. డబ్బా తీసుకెళ్లి, ఉన్నచోటే, బెల్టుల వెనకాల పెట్టేశాను. దుమ్ము తుడిచిన చోటు కనపడకుండా పక్కకు తిప్పి మరీ పెట్టాను. నా బతుకులో నేను చేసిన పనుల్లో తలుచుకుంటే తల కొట్టేసినట్టయ్యేది ఏదని అడిగితే, గేటు దగ్గర తిట్టింది కాదు, ఆ డబ్బాను పక్కకు తిప్పి పెట్టిందే చెబుతాను.

మర్నాడు ఉదయం పదింటికి మాస్టారు నడుచుకుంటూ వచ్చారు. చేతిలో నోటుపుస్తకం. రోడ్డు దాటడానికి టీ కొట్టువాడు చెయ్యి పట్టుకున్నాడు. నేను తల దించుకుని మిషను తొక్కుతున్నాను. నా పక్కనుంచి వెళ్తూ, బాగున్నావామ్మా అన్నారు. గుర్తుపట్టలేదేమో, నా ముఖం ఆయనకు మసకగా కనిపించిందేమో అనుకున్నాను. ఆ ఆశ చూడండి.

ఆయన బెంచీ మీద కూర్చున్నారు. తప్పు తనదే అయ్యుంటుందన్నారు. ఆ షాపులో పాతికేళ్లుగా కొంటున్నాననీ, నకిలీది అంటగట్టారా అని వాళ్లను నలుగురిలో అడిగి వచ్చాననీ, వాళ్లు ఒట్టు పెట్టి కాదంటున్నారనీ చెప్పారు. నా మాట అప్పటికే ఆ షాపుదాకా వెళ్లిందన్నమాట. ఇంకో అమాయకుడి పరువు తీసి వచ్చిందన్నమాట.

"బాబూ, నేను తెచ్చిన డబ్బాలు ఏమైనా మిగిలాయా? ఖాళీవైనా ఫర్వాలేదు. ఏ ఏడాది డబ్బాలో తేడా ఉందో తెలిస్తే, ఆ అమ్మాయికి నేను సమాధానం చెప్పుకుంటాను" అన్నారు.

నా కాలు మిషను మీద ఆగిపోయింది. బావ లేచి నిలబడ్డాడు. లేవనుకుంటాను మాస్టారూ అనేస్తాడని భయపడ్డాను. భయమో, ఆశో, ఇప్పుడు నాకే తెలియదు. బావ అలమార దగ్గరకు వెళ్లాడు. బెల్టులు కింద పడ్డ చప్పుడు వినిపించింది. మూడు డబ్బాలూ తెచ్చి, మొదటిది మాస్టారి చేతుల్లో పెట్టాడు.

ఖాళీ డబ్బా అనుకుని ఆయన ఒక్క చేత్తో అందుకున్నారు. ఆ చెయ్యి బరువుకు ఒక్కసారిగా కిందికి వాలింది. రెండో చేత్తో పట్టుకున్నారు. మూత తడిమారు. సీలు తడిమారు. రెండోదీ అలాగే తడిమారు. మూడోది ముట్టుకోలేదు.

"నిండుగా ఉన్నాయే" అన్నారు.

"మార్చలేదు మాస్టారూ. మూడేళ్లు మార్చలేదు. స్టిక్కరు మాత్రం అతికించాను" అన్నాడు బావ.

మాస్టారు కోప్పడితే బాగుండేది. ఆయన నోటుపుస్తకం తెరిచి, ఆ మూడు తేదీలున్న పేజీ మీద అరచెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఒక ఏడాది ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు తనకు అనుమానం వచ్చిందట. ఆయిల్ దించిన చప్పుడే వినపడలేదేమిటని. అడిగితే నిన్ను అనుమానించినట్టుంటుందని ఊరుకున్నాను అన్నారు. ఆ మాటకు బావ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. జిడ్డు చేతులతో తుడుచుకోవడంతో ముఖమంతా నల్లగా అయింది.

బావ అక్కడే నిలబడి ల్యాబ్ అమ్మాయికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె, బండి ఎప్పటికి నడుస్తుందని మాత్రం అడిగి పెట్టేసిందట. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆమె అన్నా అని పిలవలేదు. ఆ మధ్యాహ్నమే బావ ఆయిల్ షాపుకు వెళ్లి, అక్కడ నలుగురి ముందూ తప్పొప్పుకుని వచ్చాడు. ఇప్పుడాయన డిప్‌స్టిక్ చుక్కను తెల్ల కాగితం మీద పెట్టి బండివాళ్లకే చూపిస్తాడు. దించిన పాత ఆయిల్ కూడా చూపించాకే స్టిక్కరు రాస్తాడు. జిడ్డు వేళ్లతోనే రాస్తాడు. అక్షరాలు అలుక్కుపోతాయి. కొన్ని బండ్లు రావడం మానేశాయి. వేళ్ల డాక్టరని ఎవరైనా పిలిస్తే పలకడు.

ఆ రోజు మాస్టారు వెళ్లబోతూ నా మిషను దగ్గర ఆగారు. నన్ను గుర్తుపట్టే ఉన్నారు, మొదటినుంచీ.

"మా ఆవిడ ఆ రోజునుంచి వరండాలోకి రావడం లేదమ్మా. నీకు వీలైతే ఒక్కసారి రా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే, ఆ రోజు వెళ్లిన వేళకే వెళ్లాను. బావ కూడా వస్తానన్నాడు కానీ నేనే వద్దన్నాను. ఆయన తప్పు ఆయన చెప్పుకున్నాడు. సందులోకి తిరిగాను. మేడ మీద బట్టలారేసే ఆవిడ అక్కడే ఉంది. నన్ను చూసి మళ్లీ ఆగింది. వరండాలో పేము కుర్చీలు రెండూ ఖాళీగా ఉన్నాయి. గేటు పట్టుకుని, పెద్దమ్మగారూ అని పిలిచాను. కాసేపటికి ఆవిడ వచ్చి గుమ్మం లోపలే నిలబడింది. గుమ్మం దాటలేదు.

చెప్పాను. తప్పు మా షెడ్డుదనీ, మాస్టారు మంచి ఆయిలే తెచ్చారనీ, మా బావ మార్చలేదనీ, నేను ముందూ వెనకా చూడకుండా నోరు పారేసుకున్నాననీ, తెలిశాక కూడా దాచిపెట్టాననీ. అంతా చెప్పాననే అనుకున్నాను. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, కోపం లేకుండానే అంది.

"ఆ రోజు వంటింట్లో ఉన్న నాకు ప్రతి ముక్కా వినపడింది తల్లీ. ఇవాళ గుమ్మంలో నిలబడ్డా ఏమీ వినపడటం లేదు."

మేడ మీద ఆవిడ కమ్మీ పట్టుకుని ముందుకు వంగింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. నేను గేటు వదిలి, సందు మధ్యలోకి వచ్చి, మొదటినుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను.